పాత గిటార్‌కి కొత్త తీగలు బిగించే ముందు: చూడాల్సినవి, కొలవాల్సినవి, ముట్టుకోకూడనివి

"నలభై, యాభై ఏళ్ల నాటి అకౌస్టిక్ గిటార్ ఒకటి దొరికింది. కొత్త తీగలు వేసి వాయించొచ్చా?" పాత గిటార్లు కొనేవాళ్లు, ఇంట్లోనే ఉన్నదాన్ని బయటకు తీసేవాళ్లు అందరూ అడిగేది ఇదే. వాయించొచ్చు. కానీ చాలా గిటార్లు పాడయ్యేది మూలన పడి ఉన్నప్పుడు కాదు, మళ్లీ బయటకు తీసిన మొదటి వారంలోనే. లావు తీగలు వేసి ఒకేసారి శృతికి లాగుతారు. తీగ ఎత్తుగా ఉందని శాడిల్ (తీగలు ఆనే సన్నటి పట్టీ) అరగదీస్తారు, అదీ చాలకపోతే అది కూర్చునే చెక్క దిమ్మె అయిన బ్రిడ్జ్‌నే చెక్కేస్తారు. అసలు లోపం నెక్ (గిటార్ మెడ) కోణంలో ఉంటే ఈ అరగదీతంతా వృథా, పైగా తిరిగిరాని నష్టం.

కాబట్టి ముందు చూడండి, తర్వాత కొలవండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. వెనక్కి తీసుకోలేని పని ఏదీ మీరు చేయొద్దు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా స్టీలు తీగల ఫ్లాట్‌టాప్ (పైచెక్క చదునుగా చేసిన) గిటార్ గురించి. మాండొలిన్, ఆర్చ్‌టాప్‌లకు (పైచెక్క వంపుగా చెక్కినవి) తేడా ఉన్నచోట చెబుతాను.

కావలసినవి

- 60 సెంటీమీటర్ల స్టీలు స్కేలు. అంచు వంపు లేకుండా ఉండాలి.
- అర మిల్లీమీటరు గీతలున్న చిన్న స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే పలుచటి రేకులు)
- కాపో (నెక్ మీద తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు), ఎలక్ట్రానిక్ ట్యూనర్
- దంతవైద్యులు వాడే లాంటి చిన్న అద్దం, సన్నటి ఎల్‌ఈడీ టార్చి
- తేమ కొలిచే హైగ్రోమీటర్
- మెత్తటి నూలు గుడ్డలు, లైటర్లలో పోసే నాఫ్తా
- 0.010 లేదా 0.011 అంగుళాలతో మొదలయ్యే పలుచటి తీగల సెట్టు
- నోటుపుస్తకం, పెన్సిలు, ఫొటో తీయడానికి ఫోను

ఉంటే మంచిది: అతినీలలోహిత టార్చి. ప్రస్తుతానికి దూరంగా పెట్టాల్సినవి: ఉప్పు కాగితం, సూపర్ గ్లూ, ఫర్నిచర్ పాలిష్.

1. గిటార్‌ను గదికి అలవాటు పడనివ్వండి

బయటి నుంచి తెచ్చిన గిటార్‌ను పెట్టె తెరవకుండా కొన్ని గంటలు గదిలో ఉంచండి. చలి నుంచి వేడికి వచ్చిన పెట్టెను వెంటనే తెరిస్తే పాత లక్క పూతలో సన్నటి పగుళ్లు వస్తాయి. తీగలు బిగుతుగా ఉంటే రెండు స్వరాలు దించండి. పూర్తిగా విప్పకండి.

హైగ్రోమీటర్‌ను పెట్టెలో పెట్టి మర్నాడు చూడండి. 45 నుంచి 55 శాతం తేమ మంచిది. 35 కంటే తక్కువలో చాలాకాలం ఉన్న గిటార్‌కి గుర్తులు కనిపిస్తాయి: ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు పట్టీల) చివరలు వేలికి గుచ్చుకుంటాయి, బ్రిడ్జ్ వెనక స్కేలు అడ్డంగా పెడితే పైచెక్క మధ్యలో లోపలికి దిగి ఉంటుంది. అలా ఉంటే మిగతా పనులన్నీ ఆపి, పెట్టెలో హ్యుమిడిఫయర్ ఉంచి రెండు వారాలు ఆగండి. ఎండిన చెక్క మీద తీసిన కొలతలు తేమ పట్టాక పనికిరావు. పగుళ్లు కూడా చాలావరకు వాటంతటవే దగ్గరపడతాయి, అప్పుడే అతికించాలి.

2. ఫొటోలు తీసి, ఏ కాలానిదో తేల్చండి

ముందు, వెనక, రెండు పక్కలు, తలభాగం వెనకవైపు, సౌండ్‌హోల్ లోపల ఉన్న ముద్రలు, చీటీలు, అన్నిటికీ ఫొటోలు తీయండి. తర్వాత ఏ భాగం అసలుదో, ఏది మార్చిందో తేల్చుకోవడానికి ఇవే ఆధారం.

మార్టిన్ కంపెనీ గిటార్లలో ఈ పని సులువు. 1898 నుంచి వరస నంబర్లు వేస్తున్నారు. సౌండ్‌హోల్‌లోంచి చూస్తే నెక్ బ్లాక్ మీద కనిపిస్తుంది. 1930 చివరి నుంచి మోడల్ పేరు కూడా దాని పైనే ముద్రించారు. గిబ్సన్ విషయంలో తొందరపడొద్దు. 1960లలో ఒకే నంబరును వేర్వేరు సంవత్సరాల గిటార్లకు వాడారు. నంబరొక్కటే చూసి సంవత్సరం చెప్పేవాళ్ల మాట నమ్మకండి. నట్ (తల దగ్గర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) వెడల్పు, బ్రిడ్జ్ ఆకారం, తల మీద లోగో, బ్రేసింగ్ (లోపల పైచెక్కకు బలమిచ్చే కట్టెలు) అన్నీ ఒకే కాలం వైపు చూపాలి. 1977 నుంచి మాత్రం ఎనిమిదంకెల నంబరు వచ్చింది. అందులో మొదటి అంకె, ఐదో అంకె కలిపితే సంవత్సరం.

ఎలక్ట్రిక్ గిటార్ అయితే వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచే గుండీ కింద ఉండే భాగం) వెనక ఉన్న అంకెలు చూడండి. 1376512 అని ఉంటే 137 అంటే సీటీఎస్ కంపెనీ, 65 సంవత్సరం, 12 వారం. గిటార్ అంతకంటే ముందుది కాదని మాత్రమే దీన్నిబట్టి తెలుస్తుంది, అది కూడా ఆ పాట్ ఎవరూ మార్చకుండా ఉంటేనే.

చీకటి గదిలో అతినీలలోహిత కాంతి వేస్తే పాత నైట్రోసెల్యులోజ్ లక్క ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది. తర్వాత ఎవరైనా రంగు పూసిన చోటు నల్లగా, మచ్చలాగా కనబడుతుంది. నెక్ మడమ (బాడీని కలిసే చోటు) దగ్గర, తల మొదలయ్యే చోట ఇలాంటి మచ్చ ఉంటే అక్కడ విరిగి అతికించారేమోనని అనుమానించండి.

3. ఇది స్టీలు తీగలకు చేసినదేనా?

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 1920కి ముందు తయారైన చిన్న బాడీ గిటార్లు చాలావరకు పేగు తీగల కోసం చేసినవి. మార్టిన్ 1922లో 2-17 మోడల్‌తో స్టీలు తీగలకు మారడం మొదలుపెట్టింది. మిగతా మోడళ్లు ఆ దశాబ్దంలో ఒక్కొక్కటిగా మారాయి. 0.012 స్టీలు సెట్టు శృతిలో ఉన్నప్పుడు సుమారు 73 కిలోల బలంతో లాగుతుంది. నైలాన్ సెట్టు లాగేది దాదాపు 40 కిలోలు. పేగు తీగల గిటార్‌కి స్టీలు వేస్తే పైచెక్క ఉబ్బి, బ్రిడ్జ్ ఊడి వస్తుంది. ఏ కాలానిదో తేలకపోతే నైలాన్ తీగలే వేయండి. బ్రిడ్జ్‌కి పిన్నులు ఉన్నంత మాత్రాన స్టీలుదని అనుకోకండి. పేగు తీగలనూ పిన్నులతోనే బిగించేవారు.

లోపల కట్టెలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉన్న చవక గిటార్లకు స్టీలు తీగలు వేయొచ్చు, కానీ 0.010 సెట్టు దాటొద్దు. వెనక గిన్నెలా గుండ్రంగా ఉండే పాత మాండొలిన్లకు కూడా అత్యంత పలుచటి సెట్టే. నేటి మాండొలిన్ సెట్లను అవి భరించలేవు.

4. బయట, లోపల తనిఖీ

కాంతి ఏటవాలుగా పడేలా టార్చి పట్టుకుని పైచెక్క అంతా చూడండి. పగులు కనిపిస్తే రెండు పక్కలా బొటనవేళ్లతో చాలా మెల్లగా నొక్కండి. కదిలితే తెరిచి ఉన్నట్టు. కదలకపోతే, అద్దంతో లోపల చూసినప్పుడు ఆ గీత వెంట చిన్న చెక్క ముక్కలు అతికించి ఉంటే, మరమ్మతు అయినట్టు. పిక్‌గార్డ్ పక్కన, బ్రిడ్జ్ నుంచి సౌండ్‌హోల్ వైపు పోయే పగులు పాత మార్టిన్లలో సర్వసాధారణం. సెల్యులాయిడ్ పిక్‌గార్డ్ ఏళ్ల తరబడి కుంచించుకుపోతూ కిందనున్న స్ప్రూస్‌ను లాగేస్తుంది. ఇది భయపడాల్సిన లోపం కాదు, కానీ బాగుచేయించాల్సినదే.

బ్రిడ్జ్ వెనక అంచు కింద పలుచటి కాగితం దూర్చి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల కంటే లోపలికి పోతే బ్రిడ్జ్ లేస్తున్నట్టు. దాన్ని ఊడదీసి మళ్లీ అతికించాలి. స్క్రూలు బిగించి ఆపే ప్రయత్నం చేయొద్దు. (చాలా గిబ్సన్ బ్రిడ్జ్‌లలో ముత్యపు చుక్కల కింద బోల్టులు ఉంటాయి. అవి కర్మాగారంలోనే పెట్టినవి, ఎవరో చేసిన నాటు పని అనుకోకండి.)

బ్రిడ్జ్ వెనక పైచెక్క కొద్దిగా ఉబ్బడం సహజం. దశాబ్దాలు తీగల లాగుడు తిన్న పలుచటి చెక్క బల్లలా చదునుగా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. ఉబ్బుతో పాటు బ్రిడ్జ్ ముందుకు వాలి, సౌండ్‌హోల్ దగ్గర చెక్క కుంగి ఉంటే మాత్రం లోపల బ్రేస్ ఊడి ఉండొచ్చు. వేలి కొసతో పైచెక్కను, వెనకచెక్కను అంతటా తట్టండి. గట్టి చోట మోత స్పష్టంగా ఉంటుంది. ఊడిన చోట గరగరమంటుంది.

అద్దంతో బ్రిడ్జ్ కింద ఉన్న చెక్క పలకను చూడండి. తీగల చివర ఉండే గుండ్లు పట్టేది ఈ పలకనే. రంధ్రాలు పెద్దవై, చుట్టూ చెక్క రాలిపోయి ఉంటే తీగ గుండ్లు పైకి జారి పైచెక్కనే కొరుకుతాయి. ఇది లూథియర్ (గిటార్లు చేసే, బాగుచేసే నిపుణుడు) చేయాల్సిన పని. ఏ జిగురు వాడతారని ఆయన్ని ముందే అడగండి. హైడ్ గ్లూ (జంతు చర్మంతో చేసే జిగురు) అంటే మంచిది, వేడి, తడి తగిలితే మళ్లీ విడదీయొచ్చు. ఎపాక్సీ అంటే వేరొకరిని వెతకండి.

5. శుభ్రం చేయడం

కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. జిడ్డు వదలకపోతే నాఫ్తా, కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా, కనబడని చోట ముందు పరీక్షించాకే. ఆల్కహాల్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పాత షెలాక్ పూతను అది కరిగించేస్తుంది. తెరిచి ఉన్న పగుళ్ల దగ్గరకు పాలిష్, నూనె, మైనం ఏదీ రానివ్వకండి. అవి చెక్కలోకి ఇంకితే తర్వాత జిగురు పట్టదు. రోజ్‌వుడ్, ఎబొనీ ఫ్రెట్‌బోర్డ్ మీద మట్టి పేరుకుంటే 0000 రకం స్టీల్ వుల్‌తో చెక్క గీతల వెంట రుద్ది, రెండు చుక్కల మినరల్ ఆయిల్ రాసి తుడిచేయండి. సౌండ్‌హోల్‌ను ముందే మూసేయండి.

లక్క రంగు మాసిందని, గీతలు పడ్డాయని కొత్త పూత వేయించాలన్న ఆలోచనే వద్దు. అరిగిన అసలు పూత ఉన్న గిటార్ కంటే మెరిసే కొత్త పూత ఉన్న గిటార్ విలువ చాలా తక్కువ. మందపాటి పూత వేస్తే నాదం కూడా మూసుకుపోతుంది.

6. తీగలు వేసి నెమ్మదిగా శృతికి తీసుకురండి

ఒక్కో తీగ తీసి, దాని స్థానంలో కొత్తది వేస్తూ పోండి. ఆర్చ్‌టాప్, మాండొలిన్లకు బ్రిడ్జ్ అతికించి ఉండదు. తీగలన్నీ ఒకేసారి విప్పితే అది ఊడి పడుతుంది. ముందే దాని అంచుల దగ్గర తేలిగ్గా ఊడొచ్చే టేపు వేసి స్థానం గుర్తు పెట్టుకోండి, చెక్క మీద ఆ టేపును గంటల తరబడి వదిలేయకండి.

పిన్ను బ్రిడ్జ్‌లో తీగ గుండును లోపలికి వేసి, పిన్ను వదులుగా పెట్టి, తీగను పైకి లాగుతూ పిన్నును నొక్కండి. గుండు పిన్ను కొసకు వేలాడకుండా చెక్క పలకకు ఆనుకోవాలి. అద్దంతో ఆరూ చూడండి.

మొదటి రోజు మామూలు శృతికి ఒక పూర్తి స్వరం కింద, అంటే ఆరో తీగ డి స్వరంలో ఉండేలా ఉంచండి. మర్నాడు కాగితంతో బ్రిడ్జ్ అంచు మళ్లీ పరీక్షించి, మార్పు లేకపోతే పూర్తి శృతికి తీసుకురండి. ఇంకో 24 గంటలు ఆగాకే కొలవండి. బలహీనంగా అనిపించిన గిటార్‌ను ఎప్పటికీ ఒక స్వరం కిందే ఉంచి, కావాలంటే రెండో ఫ్రెట్ మీద కాపో పెట్టి వాయించుకోవడం మంచి ప్రత్యామ్నాయం.

7. నెక్ వంపు కొలత

మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టండి. ఆరో తీగను, నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర (ఎక్కువ గిటార్లలో 14, కొన్నిటిలో 12) నొక్కి పట్టుకోండి. ఏడో ఫ్రెట్‌కీ తీగకూ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరిపోయింది.

ఎక్కువగా ఉండి, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే లోహపు కడ్డీ) ఉంటే, తీగలు కొంచెం దించి గడియారం ముల్లు దిశలో పావు చుట్టు మాత్రమే తిప్పండి. మళ్లీ శృతి చేసి, ఓ గంట ఆగి, కొలవండి. గట్టిగా ఉంటే బలవంతం చేయొద్దు. పాత రాడ్ తెగితే ఫ్రెట్‌బోర్డ్ తీయాల్సి వస్తుంది. 1985కి ముందు మార్టిన్లలో తిప్పే రాడ్ ఉండదు. వాటిలో వంపు ఎక్కువైతే ఫ్రెట్లు మార్చేటప్పుడు లూథియర్ సరిచేస్తారు.

8. నెక్ కోణం: అసలు నిర్ణయం ఇక్కడే

గిటార్ పూర్తి శృతిలో ఉండగానే పొడవాటి స్కేలును మూడో, నాలుగో తీగల మధ్య ఫ్రెట్ల మీద నిలువుగా ఆనించి, బ్రిడ్జ్ వైపు జరపండి. స్కేలు కొస బ్రిడ్జ్ పై అంచును తాకుతూ వెళ్తే కోణం బాగున్నట్టు. అంచు కంటే మిల్లీమీటరు లోపు కింద తగిలితే ఇంకా కొన్నాళ్లు నడుస్తుంది. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల కంటే కిందకు పోతే నెక్ ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ బిగించాలి. దీన్నే నెక్ రీసెట్ అంటారు. ఏళ్ల లాగుడుకు బాడీయే మెల్లగా ఆకారం మారుతుంది కాబట్టి పాత ఫ్లాట్‌టాప్‌లకు ఏదో ఒకనాడు ఇది తప్పదు. దీన్ని లోపంగా కాక, నిర్వహణ ఖర్చుగా చూసి, కొనేటప్పుడే ధరలో లెక్క వేసుకోండి.

స్కేలు తగిలించేముందు బ్రిడ్జ్ మందం కూడా చూడండి. మామూలుగా అది 8 నుంచి 9 మిల్లీమీటర్లు. 6 మాత్రమే ఉంటే ఎవరో చెక్కేశారు. స్కేలు పరీక్షలో పాసైనా ఆ గిటార్‌కి రీసెట్టూ, కొత్త బ్రిడ్జ్ రెండూ కావాలి. అమ్మేవాళ్లు "యాక్షన్ చాలా కిందకు ఉంది" (అంటే తీగ ఎత్తు చాలా తక్కువ) అని మెచ్చుకునే గిటార్లలో ఇలాంటివి ఎక్కువ.

9. తీగ ఎత్తు, శాడిల్

కాపో తీసేసి, 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగుకు కొలవండి. ఆరో తీగకు 2.4, ఒకటో తీగకు 1.8 మిల్లీమీటర్లు మంచి గురి. స్లైడ్‌తో వాయించేవాళ్లకు ఇంకా ఎత్తు కావాలి.

12వ ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో దానికి రెట్టింపు శాడిల్ దగ్గర తగ్గించాలి. ఉదాహరణకు ఆరో తీగ 3.2 ఉంది, 2.4 కావాలి. తేడా 0.8, అంటే శాడిల్ 1.6 తగ్గాలి. ఇప్పుడు శాడిల్ బ్రిడ్జ్ పైన ఎంత కనబడుతోందో చూడండి. 5 ఉంటే 3.4 మిగులుతుంది, పని చేయొచ్చు. 3 ఉంటే 1.4 మిగులుతుంది, తీగ శాడిల్ మీద సరిగా వంగదు, శబ్దం చప్పబడుతుంది. కనీసం 3 మిల్లీమీటర్లు మిగలకపోతే అరగదీయకండి. అది రీసెట్ కేసు.

అసలు శాడిల్‌ను అరగదీయకుండా ఓ కవరులో దాచి, ఎముకతో కొత్తది చేసుకోండి. ఎత్తు తగ్గించేది అడుగు నుంచే. చదునైన గాజు పలక మీద 220 నంబరు ఉప్పు కాగితం పరిచి, శాడిల్‌ను నిటారుగా పట్టుకుని రుద్దండి. ఐదారు రుద్దుళ్లకొకసారి కొలవండి. అడుగు వంకరపోతే కొన్ని తీగలు మూగబోతాయి. పాత మార్టిన్లలో బ్రిడ్జ్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోయే పొడవాటి శాడిల్ జిగురుతో అతికి ఉండొచ్చు. ప్లయర్స్‌తో లాగితే బ్రిడ్జ్ చీలుతుంది. 1960ల గిబ్సన్లు కొన్నిటిలో శాడిల్‌కి రెండు చివర్లా స్క్రూలుంటాయి, అవి తిప్పితే చాలు.

నట్ సంగతి క్లుప్తంగా: తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు మొదటి ఫ్రెట్ మీద కాగితమంత సందు ఉండాలి. సందే లేకపోతే విడి తీగ గరగరలాడుతుంది. మరీ ఎక్కువైతే మొదటి ఫ్రెట్ దగ్గర స్వరాలు హెచ్చుతాయి.

10. ప్రతి తీగ, ప్రతి ఫ్రెట్ వాయించి వినండి

గరగర ఎక్కడ వస్తుందో రాసుకోండి. చోటును బట్టే కారణం తెలుస్తుంది.

విడి తీగకు మాత్రమే వస్తే నట్ గాడి లోతైంది. మొదటి ఐదు ఫ్రెట్లలో వస్తే నెక్ మరీ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది. 12వ ఫ్రెట్ దాటాక మాత్రమే వస్తే నెక్ బాడీని కలిసే చోట ఫ్రెట్‌బోర్డ్ గూనిలా లేచి ఉంటుంది. ఒకే స్వరానికి, ఏ తీగ మీద వాయించినా వస్తే ఫ్రెట్లను వదిలేయండి. ట్యూనర్ బుషింగ్ (తల మీద తీగ బిగించే మర చుట్టూ ఉండే లోహపు వలయం), పిక్‌గార్డ్ అంచు, తల దగ్గర మిగిలిన తీగ కొస, ఊడిన బ్రేస్, వీటిలో ఏదో ఆ స్వరానికి అదురుతోంది. ఒక్కొక్కదాన్ని వేలితో నొక్కి పట్టుకుని అదే స్వరం మళ్లీ వాయించండి. ఆగినప్పుడు దొంగ దొరికినట్టే.

తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తేలిగ్గా తాకి మీటిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం ట్యూనర్‌లో పోల్చండి. ఐదు సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) లోపు తేడా పాత గిటార్‌కి చక్కగా ఉన్నట్టే. అన్ని తీగలూ పది సెంట్లకు మించి హెచ్చితే ముందు తీగ ఎత్తు, తీగల పాతదనం చూడండి. ఆ తర్వాతే బ్రిడ్జ్ స్థానాన్ని అనుమానించండి. మాండొలిన్, ఆర్చ్‌టాప్‌లకు బ్రిడ్జ్‌ను కొద్దిగా వెనక్కి జరిపితే సరిపోతుంది.

11. ఉంచే చోటు, కాగితాలు

రబ్బరు పట్టీలున్న స్టాండ్ మీద నైట్రోసెల్యులోజ్ లక్క పూత ఉన్న గిటార్‌ను పెట్టకండి; రబ్బరు లక్కను మెత్తబరిచి మచ్చ చేస్తుంది. మధ్యలో నూలు గుడ్డ వేస్తే సరి. ఎండలో ఆపిన కారులో అసలే వద్దు. సుమారు 60 డిగ్రీల దగ్గర హైడ్ గ్లూ మెత్తబడి అతుకులు జారతాయి. మార్చిన ప్రతి అసలు భాగాన్ని, పాత పిన్నులతో సహా దాచండి. అంటుగా మారిన, పొడిగా రాలుతున్న సెల్యులాయిడ్ పిక్‌గార్డ్, ట్యూనర్ గుండీలు మాత్రం గిటార్ పెట్టెలో పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఆవిరి ఫ్రెట్లను, ట్యూనర్లను తినేస్తుంది.

దేశాల సరిహద్దు దాటించే ఆలోచన ఉంటే చెక్క ఏమిటో ముందే తేల్చుకోండి. 1969 వరకు మార్టిన్ రోజ్‌వుడ్ మోడళ్లలో వాడిన బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటిస్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది; అనుమతి పత్రాలు లేకుండా పంపితే స్వాధీనం చేసుకుంటారు. 2019 సడలింపు ఇతర రోజ్‌వుడ్ జాతులతో పూర్తిగా తయారైన వాద్యాలకే, బ్రెజిలియన్‌కి వర్తించదు.

12. రెండు వారాల తర్వాత మళ్లీ కొలవండి

నెక్ వంపు, 12వ ఫ్రెట్ ఎత్తు, బ్రిడ్జ్ కాగితం పరీక్ష, గదిలో తేమ, ఈ నాలుగూ మొదటిసారి రాసుకున్న అంకెల పక్కనే రాయండి. తీగ ఎత్తులో 0.2 మిల్లీమీటర్ల లోపు తేడా వాతావరణానిదే. తేమ అలాగే ఉండి ఎత్తు మాత్రం 0.3 దాటి పెరిగితే లోపల ఏదో అతుకు కదులుతోంది. అదే రోజు తీగలు రెండు స్వరాలు దించి, రాసుకున్న అంకెలతో సహా గిటార్‌ను లూథియర్‌కి చూపించండి.